మావారి నడకదారి

మావారికి పక్షవాతం వచ్చి తగ్గాక డాక్టరుగారు చెప్పింది ఒకటే: రోజూ అరగంట నడవాలి, లేకపోతే ఎడమ కాలు బిగిసిపోతుంది. ఎక్కడ నడవాలి? ఏలూరులో మా వీధిలో ఆటోలవాళ్ళు మనిషిని చూసి హారన్ కొడతారు గానీ ఆగరు. ఇంటి వెనక ఖాళీ స్థలమా, వానొస్తే కాళ్ళ చెప్పులు లాగేసుకునే నల్లమట్టి. అక్కడే ఒక తోట, అందులో ఆయన నడవడానికి ఒక దారి వేయిద్దామనుకున్నాను. తెలిసినవాళ్ళు విజయవాడ నుంచి ఒక ల్యాండ్‌స్కేప్ డిజైనర్‌ని పంపించారు.

మొదటిరోజే చెప్పాను. "పువ్వులు లేకపోయినా ఫర్వాలేదు బాబూ. ఆయన కర్ర పట్టుకుని నడవడానికి చదునైన దారి కావాలండీ."

"నోట్ చేసుకున్నానాంటీ" అన్నాడు. ఏం చేసుకున్నాడో, నా తలకాయ! వారం తర్వాత ల్యాప్‌టాప్‌లో బొమ్మ చూపించాడు. వెదురు, తెల్ల గులకరాళ్ళు, మధ్యలో ఒక జలపాతం!

"కొల్లేరుని ఇంత దగ్గర పెట్టుకుని మాకు నీళ్ళతొట్టి దేనికండీ? ఉన్న దోమలు చాలవా?" అన్నాను. మొహం మాడ్చుకుని జలపాతం తీసేశాడు. దారేదని అడిగితే, గడ్డిలో మెలికలు తిరుగుతున్న బూడిదరంగు గీత చూపించాడు. బొమ్మలో అది దారిలాగే ఉంది. అక్కడే మోసపోయాను.

ద్వారకా తిరుమల వైపు మెట్ట నుంచి ఎర్రమట్టి తోలించి, గడ్డి పరిచి, రాళ్ళు వేశారు. రాయికీ రాయికీ మధ్య జానెడు పైన ఎడం! కాలు ఈడ్చే మనిషి ఎలా దాటతాడు? "స్టెప్పింగ్ స్టోన్స్ అంటే ఇంతే ఆంటీ, నేచురల్‌గా ఉండాలి" అన్నాడు. సందులు పూడ్చమంటే డిజైన్ పాడవుతుందట. మూడుసార్లు ఫోన్ చేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అతని సంగతి సరే, మావారి మొహమాటం చూస్తే ఇంకా ఒళ్ళు మండేది. "ఎలా ఉందంకుల్?" అని అతను అడగడం, ఈయన కుర్చీలోంచి "చాలా బాగుందండీ" అనడం! ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని ఉప్పు లేని కూర కూడా మెచ్చుకుని తినే మనిషి. నడక మాత్రం కారు షెడ్డులో, ఈ గోడ నుంచి ఆ గోడకి నాలుగడుగులు. కాలు రోజురోజుకీ బరువెక్కుతోంది.

ఒక ఆదివారం పొద్దున ఉండబట్టలేక కసిరాను. "బాగుందన్నారుగా, అందులోనే నడవండి మరి!" నేను వంటింట్లో ఉండగా ఆయన కర్ర పట్టుకుని తోటలోకి దిగారు. సరిగ్గా అప్పుడే డిజైనర్ తోట ఫొటోలు తీసుకోవడానికి వచ్చాడు. గేటు చప్పుడు విని నేను బయటికి వచ్చేసరికి మావారు మూడో రాయి మీద నిలబడి ఉన్నారు.

"అంకుల్, కొంచెం పక్కకి జరుగుతారా? ఫొటోలో పడుతున్నారు" అన్నాడతను.

నేను నోరు తెరిచేలోపే మావారు మెల్లిగా అన్నారు: "జరగాలనే ఉందండీ. పక్క రాయి అందట్లేదు."

చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. పొద్దున కసిరిన నోటిని ఏమనుకోవాలో నాకు తెలియలేదు. మర్నాడే తాపీమేస్త్రీని పిలిపించి సందులన్నీ సిమెంటుతో పూడ్పించాను.

మావారు కుర్చీలో కూర్చుని అదంతా చూస్తూ, "పాపం, ఆ అబ్బాయి నొచ్చుకుంటాడేమోనే" అన్నారు.

"నొచ్చుకోనివ్వండి. మీరు నడవండి" అన్నాను.