పిన్ని సర్పి, నా సర్పి

నేను తెనాలి నుంచి బాపట్లకు రోజూ పాసింజరులో వెళ్ళి వచ్చే కాలేజీ క్లర్కుని. యాభై మూడో ఏట ఒక సోమవారం రైల్లో నిలబడి ఉండగా కుడి పక్కటెముకల కింద మంట మొదలైంది. మర్నాడు అక్కడ నీటి పొక్కులు బారుగా లేచాయి. చూడగానే తెలిసింది, సర్పి.

రేపల్లెలో ఉండే మా పిన్నికి ఎనిమిదేళ్ళ కిందట ఇదే వచ్చింది. జేగురు పూశారు, మంత్రం వేయించారు. నడుం చుట్టూ తిరిగి రెండు కొసలూ కలిస్తే మనిషి దక్కదని ఎవరో అన్నారట. పిన్ని రోజూ అద్దం ముందు నిలబడి పొక్కులు ఎంతదాకా వచ్చాయో బెత్తలతో కొలుచుకునేది. పొక్కులు మాడిపోయాయి గాని నొప్పి పోలేదు. పైట తగిలినా ఉలిక్కిపడేది. మచ్చ కూడా లేని చోట నొప్పేమిటని బాబాయి నవ్వేవాడు. నేనూ నవ్వాను.

పొక్కులు లేచిన రోజే తెనాలిలో చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

"చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అని అడిగిందావిడ.

"పోసిందండి, మూడో క్లాసులో."

"ఆ వైరస్సే ఇది. అప్పట్నుంచీ నరం మొదట్లో పడుకునుంది. ఇప్పుడు లేచింది."

"చుట్టూ తిరిగి కలిస్తే?"

"ఒక పక్క నరం వెంటే వస్తుందమ్మా. మామూలుగా అటు దాటదు. కలిసినా ప్రాణం పోదు. వెంటనే వచ్చారు, మందు బాగా పనిచేస్తుంది."

వారం పాటు మాత్రలు మింగాను. తగ్గింది. రెండోసారి వెళ్ళినప్పుడు పిన్ని సంగతి చెబితే తీసుకురమ్మంది. తీసుకెళ్ళాను.

డాక్టరు దూదితో పిన్ని వీపు మీద మెల్లగా రాసింది. పిన్ని పళ్ళు బిగబట్టింది.

"నరం దెబ్బతిందండి. ఈ నొప్పి నిజమే. పూర్తిగా పోతుందని చెప్పలేను గాని, మందులతో తగ్గుతుంది."

పిన్ని మందుల గురించి ఏమీ అడగలేదు. నా వైపు తిరిగి, "విన్నావటే? నిజమేనంట," అంది.

"విన్నాను పిన్నీ," అన్నాను.

రెండు నెలలకు నొప్పి సగం తగ్గిందని ఫోన్ చేసింది. "దీనికి టీకా ఉందంట గదా, మీ బాబాయిని వేయించుకోమంటే వద్దంటన్నాడు. నువ్వు చెప్పు," అని ఫోను ఆయనకిచ్చింది.

"అంత నొప్పా అమ్మాయ్?" అన్నాడు.

"పిన్నిని అడుగు బాబాయ్," అన్నాను.

అడిగాడో లేదో నాకు తెలియదు. తర్వాతి వారం తెనాలి వచ్చి టీకా వేయించుకుని వెళ్ళాడు.