బడి వదిలే వేళకు మా బావ

మా బావ తిప్పేస్వామికి మనుషుల గురించి పెద్దగా ఏమీ తెలియదు. పశువుల గురించి తెలిసినదాన్నే మనుషుల మీద వాడి నెట్టుకొస్తుంటాడు. పెళ్ళిచూపుల రోజున మా అక్క ఇంద్రాణి కాఫీ తెచ్చి ఇస్తే, ముఖం వదిలేసి నడక చూశాడట. "నడక బాగుంటే ఇంగ అన్నీ బాగుంటాయి గదా" అని వాళ్ళమ్మతో మెల్లగా అన్నాననుకున్నాడు గానీ అందరికీ వినపడింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ మాట ఎత్తితే మా అక్క మూతి ముడుచుకుంటుంది. అదంతా నటన. లోపల మురిసిపోతుంది.

బావది సదుం దగ్గర చిన్న పల్లె. వానలు లేని నేల, వేరుశనగ వేస్తే వేసినట్టు, పోతే పోయినట్టు. ఇంటిని నడిపింది ఆవులే. డిగ్రీ చదివే రోజుల్లో కూడా ఉదయం పాలు పిండి, కొట్టం ఊడ్చి, అప్పుడు కాలేజీ బస్సు ఎక్కేవాడు. తర్వాత పుంగనూరులో ఒక పాల డెయిరీ శీతలీకరణ కేంద్రంలో ఉద్యోగం దొరికింది. పల్లెల నుంచి క్యాన్లలో వచ్చే పాలు పరీక్ష చేయించడం, చల్లబరిచి ట్యాంకరుకు ఎక్కించడం. ఉదయం ఒక విడత, సాయంత్రం ఒక విడత. మధ్యాహ్నం మూడు తర్వాత కాసేపు ఖాళీ. ఆ ఖాళీలోనే పిల్లలు బడి నుంచి వచ్చేవాళ్ళు. సింధూజ ఎనిమిదో తరగతి, లోహిత్ నాలుగు.

పోయిన జనవరిలో బావకు ప్రమోషన్ వచ్చింది. కుప్పం కేంద్రానికి ఇన్‌ఛార్జి. అందరం స్వీట్లు తిన్నాం. తిన్నాక గుర్తొచ్చింది, పుంగనూరు నుంచి కుప్పం రోజూ వెళ్ళి వచ్చేంత దగ్గర కాదని. పలమనేరు దాటాలి, వెంకటగిరికోట దాటాలి. పిల్లల బడి ఏప్రిల్ దాకా పుంగనూరులోనే. అంతవరకు బావ కుప్పంలో కేంద్రం పైనున్న గదిలో ఉంటాడు, శనివారం ఇంటికి వస్తాడు. మరి జూన్ నుంచి అందరూ ఎక్కడుండాలి?

ఇందులో నన్ను ఎవరూ అడగలేదు. అడగకపోతే ఊరుకునే మనిషిని కాదు నేను. నా పేరు కల్పన. మదనపల్లెలో టైలరింగు షాపు, ఎక్కువగా బడి యూనిఫాంలే కుడతాను. ఏ బడి పిల్లల ప్యాంట్లు మోకాళ్ళ దగ్గర చిరుగుతాయో, ఏ బడి పిల్లల చొక్కాలు మోచేతుల దగ్గర అరుగుతాయో నాకు తెలుసు. మోకాళ్ళు చిరిగితే ఆడిస్తున్నట్టు. మోచేతులు అరిగితే బల్ల మీద నుంచి లేవనివ్వట్లేదన్నట్టు. రెండూ సమంగా చిరిగే బడి ఒకటి మా వీధి చివరే ఉంది. మా ఇంటి పైపోర్షన్ ఖాళీగా ఉంది. పిల్లలు, అక్క వచ్చి నా నెత్తిన ఉంటారు, బావ వారానికొకసారి వస్తాడు. ఇంకేం కావాలి?

"మదనపల్లెలో చదువుకుంటే ఇంటర్ దాకా కదలక్కర్లేదు. కుప్పంలో పిల్లోళ్ళు ఒక నోట్లో మూడు భాషలు మాట్లాడుతారంట. వీళ్ళకెందుకు ఆ తిప్పలు?" అన్నాను.

మా అక్క తల ఊపింది. సింధూజ సరేనంది, కాకపోతే ముఖం గంటు పెట్టుకుని అంది. బావను అడిగితే ఎప్పటిమాటే, "మీ ఇష్టం". ఆ రెండు ముక్కలూ ఆయన నోట్లో నానుతుంటాయి. ఉప్మానా దోసెనా అంటే మీ ఇష్టం, సినిమానా గుడినా అంటే మీ ఇష్టం. నేను గెలిచానని అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం బావ నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తితే ఎవరిదో గొంతు.

"అమ్మా, ఈయప్ప మీకేమైతాడు?"

"మా బావ. ఏమైందప్పా?" అన్నాను కత్తెర పక్కన పడేసి.

"ఏం కాలేదులేమ్మా. నేను కుప్పంలో బడి వాచ్‌మన్‌ను, మునిస్వామి. నాలుగు దినాలుగా బడి వదిలే టయానికి వచ్చి గేటుకాడ నిలబడుకోని పిల్లోల్ని సూస్తాండాడు. ఎవురి నాయనప్పా నువ్వు అంటే ఈ బళ్ళో నా పిల్లోళ్ళు లేరంటాడు. మరి యాల సూస్తాండావు అంటే, నడక సూస్తాండా అంటాడు! ఈడ జనం పట్టుకున్నారు. ఇంట్లోవాళ్ళకు ఫోను సెయ్యప్పా అంటే, పెండ్లాం బయపడతాదని నీ నంబరు సూపిచ్చినాడు."

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "అప్పా, ఆయప్పను వదిలేయండి. పిల్లోల్ని ఎత్తుకుపోయేంత తెలివి మా బావకు లేదు" అన్నాను.

అసలు సంగతి తర్వాత బావే చెప్పాడు. వాళ్ళమ్మ జయలక్ష్మమ్మకు ఒక పద్ధతి ఉంది. ఆవును సంతలో చూసి కొనదు. సంతలో ఏ ఆవైనా కడిగి, కొమ్ములకు నూనె రాసి, బాగానే కనపడుతుందని ఆమె అనుమానం. అమ్మేవాళ్ళ ఊరికి పోయి, సాయంత్రం మంద మేసి ఇంటికి వచ్చే దారిలో నిలబడుతుంది. ఏది పొడుచుకుంటూ వస్తోంది, ఏది వెనకబడింది, వెనకబడినదాని కోసం మిగతావి ఆగుతున్నాయా, అన్నీ చూసి అప్పుడు బేరానికి కూర్చుంటుంది. మా బావ బడిని కూడా అలాగే ఎంచుకోవాలనుకున్నాడు. లోపలికి పోయి ఫీజు అడగలేదు, రిజల్టు అడగలేదు. కుప్పంలో ఒక్కో బడి గేటు ముందు ఒక్కో సాయంత్రం నిలబడ్డాడు. ఈ బడి నచ్చి మళ్ళీ మళ్ళీ వచ్చాడు, దొరికిపోయాడు. ఇంత పెద్ద ఉద్యోగం చేసే మనిషి ఇంత తెలివితక్కువ పని చేస్తాడని ఎవరైనా అనుకుంటారా?

హెడ్మాస్టరు నారాయణప్ప మాత్రం మంచి మనిషి. లోపల కూర్చోబెట్టి టీ తెప్పించాడట.

"ఏం కనపడిందప్పా మా పిల్లోళ్ళ నడకలో?"

"గేటుకాడ తోసుకోరు సార్. పెద్దోళ్ళు సిన్నోళ్ళ సెయ్యి పట్టుకోని రోడ్డు దాటిస్తాండారు. ఒక పాప కాలు కొంచెం ఈడుస్తాది, ఆ పాప వచ్చేదాకా నలుగురు నిలబడినారు. అందరూ ఉషారుగా ఉండారు సార్."

నారాయణప్ప పకపకా నవ్వాడట. "ఉషారు సంగతి నమ్మొద్దప్పా. ఈ వారమంతా ఆటల పోటీలు, సదువు లేదు. సోమవారం లెక్కల పరీక్ష. ఆ పొద్దు వచ్చి సూడు మొగాలు."

ఇంకెవరైనా అయితే సిగ్గుపడి ఊరుకుంటారు. మా బావ నిజంగానే సోమవారం పోయాడు. ఈసారి మునిస్వామి స్టూలు వేశాడట. పిల్లలు ముఖాలు వేలాడేసుకుని బయటికి వచ్చారు. "అయినా సెయ్యి వదల్లేదు కల్పనా, పెద్దోళ్ళు సిన్నోళ్ళ సెయ్యి వదల్లేదు" అని ఫోనులో చెబుతుంటే ఆయన గొంతులో ఏదో గెలిచిన సంబరం. అక్కకు చెప్పొద్దన్నాడు. ఫోను పెట్టగానే అక్కకు చెప్పేశాను.

"మదనపల్లె బళ్ళు ఏం పాపం చేశాయి? వాటిని చూడవా?" అని మళ్ళీ ఫోను చేసి గట్టిగా అడిగాను.

"పోయిన నెల డెయిరీ పని మీద వచ్చినప్పుడు సూసినా. మంచి బళ్ళే. కానీ పిల్లోళ్ళు గేటులోంచి నేరుగా వ్యానుల్లోకి ఎక్కేస్తాండారు. నడక యాడ కనపడతాది?"

ఇంతటి మనిషితో ఏం వాదిస్తాం.

అయినా నేను పట్టు వదల్లేదు. మార్చిలో ఒక శనివారం పుంగనూరు వెళ్ళాను, ఆదివారం అక్కనూ పిల్లల్నీ మదనపల్లె తీసుకుపోయి పోర్షన్ చూపించాలని. సాయంత్రం బావ వచ్చాడు. లోహిత్ లేచి కుర్చీ వేశాడు. ఎవరూ చెప్పకుండానే లోపలికి పోయి ఒలికిపోకుండా రెండు చేతులతో గ్లాసు పట్టుకుని నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. సింధూజ టీవీ కట్టేసి, "బస్సులో సీటు దొరికిందా నాన్నా?" అని మర్యాదగా అడిగింది. పిల్లలు ఎంత బుద్ధిమంతులయ్యారో అని నేను ముచ్చటపడ్డాను. బావ మాత్రం ఆ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయాడు. నీళ్ళు తాగలేదు.

నేను పోర్షన్ గురించి మొదలుపెట్టాను. గాలి, వెలుతురు, రోజూ వచ్చే కొళాయి నీళ్ళు. అక్క "నువ్వేమంటావప్పా?" అని ఆయన్ను అడిగింది. మీ ఇష్టం అంటాడని అందరం ఎదురుచూశాం.

"నా ఇష్టం ఒకటి సెప్పేదా?" అన్నాడు.

అక్క కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"కుప్పంలో బడి గేటుకాడికి మొదటి దినం పోయింది బడి సూసేదానికే. ఆ తర్వాత పోయింది దానికి కాదు. సాయంత్రం నాలుగైతే ఆ గదిలో కాలు నిలిచేది కాదు ఇంద్రాణీ. ఎవురి పిల్లోళ్ళయితేనేం, ఇంటికి పోతాంటే సూడాలనిపించి పోయినా." గ్లాసు కింద పెట్టాడు. "వీడు పుట్టినప్పట్నించి నాకు నీళ్ళు తెచ్చిచ్చింది లేదు. ఎవురన్నా సుట్టాలొస్తే తెచ్చిస్తాడు. రెండు నెలలకే నేను ఈ ఇంటికి సుట్టమైపోయినా. మదనపల్లె బాగుంటాది, కాదనను. కానీ నాకు మీరు కావాల. కుప్పం రండి."

అక్క కళ్ళు తుడుచుకుంది. కానీ ముందు మాట్లాడింది సింధూజ. కోపంగా, దాదాపు అరుస్తూ.

"ఈ మాట ముందే సెప్పొచ్చు గదా! ఎప్పుడడిగినా మీ ఇష్టం మీ ఇష్టం అంటావు. నువ్వు మమ్మల్ని రమ్మనే అనలేదు. నీకు మేము అక్కర్లేదేమో అనుకున్నా నేను!"

అంత పెద్ద పిల్ల వెళ్ళి వాళ్ళ నాన్న భుజం మీద రెండు దెబ్బలు వేసి, అక్కడే తల పెట్టి ఏడ్చింది. బావ కూడా ఏడ్చాడు. ఏమైందో అర్థం కాక లోహిత్ కూడా అందుకున్నాడు. ఆ పిల్ల ముఖం అన్నాళ్ళూ ఎందుకు గంటు పెట్టుకుని ఉందో అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు.

"మరి నా పైపోర్షన్ గతేంటి?" అన్నాను ఏడుపు ఆపుకోవడానికి.

"దాంట్లో నువ్వు దర్జాగా పడుకో" అంది మా అక్క. అందరం ఒక్కసారి నవ్వేశాం.

ఇల్లు వెతకడం దగ్గర మళ్ళీ గొడవ. బావ అప్పటికే ఒక ఇల్లు చూసి ఫోటోలు పంపాడు. నీళ్ళ తొట్టి, వేపచెట్టు నీడ, వాన నీరు పోయే వాలు, పెద్ద పశువుల కొట్టం. వంటిల్లు ఫోటో లేదు. "మనకు ఆవులే లేవు గదప్పా, కొట్టం యాలకు? నేను యాడ వండేది?" అంది అక్క. "వంటిల్లు ఉండాది. ఫోటో తీసేది మరిచిపోయినా" అన్నాడు. దాంతో ఆ పని అక్క చేతిలోకి వెళ్ళిపోయింది. కొట్టం లేని ఇల్లు దొరికింది. వంటింట్లో రెండు కిటికీలు. పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండా బడికి నడిచిపోవచ్చు. ఎదురింటివాళ్ళు తమిళం, పక్కింటివాళ్ళు కన్నడం. లోహిత్ అప్పుడే రెంటిలోనూ ఐస్‌క్రీం అడగడం నేర్చుకున్నాడు.

జూలైలో నేను కుప్పం వెళ్ళాను. యూనిఫాం కుట్టి తీసుకెళ్ళింది నేనే, ఆ బడిని ఒప్పుకున్నానని కాదు, కుప్పంలో కుట్టే కుట్లు నాకు నచ్చవు కాబట్టి. సాయంత్రం బావ, నేను వసారాలో కూర్చున్నాం. బావ కాళ్ళు బారచాపుకుని వీధి మలుపు వైపే చూస్తున్నాడు. నేను ఏదో అడుగుతుంటే సగం వింటున్నాడు. మలుపు దగ్గర పిల్లల గుంపు కనపడింది. అందులోంచి మావాళ్ళిద్దరూ విడిపోయి ఇటు వచ్చారు, దారంతా కొట్లాడుకుంటూ.

లోహిత్ వాకిట్లోనే బూట్లు విసిరేసి, "అమ్మా, ఆకలి!" అని అరుస్తూ లోపలికి పరుగెత్తాడు. వాడి సంచి బావ ఒళ్ళో పడింది. సింధూజ స్నేహితురాలికి వెనక్కి చెయ్యి ఊపుతూ మెట్టెక్కి, "కాళ్ళు తియ్యి నాన్నా, దావలో" అని విసుక్కుని, ఆయన తీసేలోపే దాటుకుని వెళ్ళిపోయింది.

బావ కాళ్ళు ముడుచుకున్నాడు. సంచి సర్దుకుంటూ నా వైపు తిరిగాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను ఎన్నడూ చూడలేదు.

"సూసినావా కల్పనా? నా మొగం కూడా సూడకుండా పోయినారు!"