చప్పట్లకు ముందు నలభై సెకన్లు

2001లో ఒక మధ్యాహ్నం చీరాల స్టేషను వెయిటింగ్ హాల్లో, నా పక్కన కూర్చున్న అపరిచితుడు తన వాక్‌మన్ ఇయర్‌ఫోను ఒకటి నా వైపు చాచాడు. మత్తు బిస్కెట్లు పెట్టి సామాను కాజేస్తున్న రోజులవి. నేను సంచి పట్టీని కాలికి ముడివేసుకున్నాను.

"రెండు క్యాసెట్లండి. రెండూ రష్యావాళ్ల సింఫనీలే, కచేరీలో రికార్డు చేసినవి," అన్నాడాయన. "రెంటిలోనూ దుఃఖమే. మొదటిది డప్పుల మోతతో ముగుస్తుంది, దాంతో పేచీ లేదు. రెండోది సన్నగిల్లుతూ ఆగుతుంది. ఆగగానే చప్పట్లు వినిపించేవి. ఈమధ్య ఆలస్యమవుతున్నాయి. కాస్త టైము చూసిపెడతారా?"

రికార్డయిన చప్పట్లు ఆలస్యమవడమేమిటి? మోసమేననుకున్నాను. అయినా కొలవమన్నాక కాదనడం నా వల్ల కాలేదు. ఒక కన్ను గడియారం మీద, రెండోది సంచి మీద ఉంచి ఆ రెండో క్యాసెట్టు విన్నాను.

చివర్లో వాద్యాలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. ఆయన వేలెత్తి, "ఆగింది," అన్నాడు. నాకు మాత్రం లోతుగా, గుండె కొట్టుకుంటున్నట్టు, ఇంకా వినిపిస్తూనే ఉంది. అది ఆగిన మరుక్షణం చప్పట్లు మోగాయి.

"మీరు వేలెత్తాక ఇంకో నలభై సెకన్లు వాద్యం మోగిందండి," అన్నాను. అంకె తగ్గించి చెప్పడం నాకు చేతకాదు.

ఆయన చెవి తడుముకున్నాడు. "అయితే ఆలస్యానికి టేపు సాగడం కారణం కాదు. పోయింది నా చెవులేనన్నమాట. పోన్లెండి, సంగీతం చెక్కుచెదరలేదు కదా."

ఇంతలో నా బండి వచ్చింది. నేను కాలి దగ్గరకు వంగాను.

"నిదానంగా విప్పుకోండి సార్, ముడి గట్టిగానే వేశారు," అన్నాడు నవ్వుతూ.

ఇప్పటికీ పాట ఆగిందనిపించాక, గడియారం చూసి మరో నలభై సెకన్లు కూర్చుంటాను.