కుడి చెంప మచ్చ

అందరూ ఆయన్ని అచ్చుబొమ్మల మాస్టారంటారు. పొద్దున నీటిరంగులు, మధ్యాహ్నం చెక్క మీద ఉలి. కుంచెను పెదాలతో మొన తేల్చే అలవాటు వల్ల మూతికి ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకునే ఉంటుంది. చెక్కింది కాగితం మీద అచ్చేస్తే కుడిఎడమలు తారుమారై పడుతుంది, ముందే తిప్పి గీసుకోండిరా అని శిష్యుల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరతాడు. ఆయనకు పేరు తెచ్చింది మాత్రం పెళ్లయిన కొత్తలో భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెక్కి అచ్చువేసిన బొమ్మ. ముందుగదిలో దాని దుమ్ము రోజూ దులిపేది ఆవిడే.

మొన్న ప్రదర్శనలో ఒక పెద్దాయన ఆ బొమ్మనూ, పక్కనే ఉన్న ఆవిడనూ మార్చి మార్చి చూశాడు. "ఇది మీరేనా అమ్మా? మీ పుట్టుమచ్చ ఎడమ చెంప మీదుంది, బొమ్మలో కుడి చెంప మీదుందే?"

మాస్టారు అప్పుడు చూశాడు. ముచ్చటలో పడి ఆ ఒక్క బొమ్మనే తిప్పి గీయడం మరిచాడు. ఇన్నేళ్లూ గమనించనైనా లేదు. శిష్యులంతా అక్కడే ఉన్నారు.

ఆవిడ అరచేతిని చెంపకు ఆనించుకుని, ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకున్న మాటలా, "నేను కాదండీ, మా చెల్లెలు" అంది.

"అదీ సంగతి" అంటూ పెద్దాయన మాస్టారి వైపు తిరిగాడు.

మాస్టారు అవునన్నట్టు తలూపాడు. ఆవిడకు తోబుట్టువులే లేరు.