మైకుసెట్టు పెద్దిరాజు గారి ఒకటో పాట

పేరు పెద్దిరాజు. వయస్సు నలభై ఎనిమిది. నివాసం రేపల్లె. వృత్తి, పెళ్లిళ్లకు మైకుసెట్టు కట్టి పాటలు వేయడం. నేను వీరిని పదహారేళ్లుగా ఎరుగుదును. మా ఇరువురికి బంధుత్వం లేదు. తాలూకా కచేరీలో నకళ్లు రాసి విరమించినవాణ్ణి కనుక, చూసినదానిని చూసినట్టు, విన్నదానిని విన్నట్టు విడదీసి రాయడం నాకు అలవాటు. దిగువ రాసినదానిలో అధికభాగం చూసినదే.

పెద్దిరాజు గారి తాత తండ్రులు సముద్రం మీద వేటకు పోయేవారు. ఈయనకు మాత్రం పడవ ఎక్కితే కడుపులో తిప్పేది. "నీకు నీళ్లు పడవురా, గట్టు మీద ఏదన్నా చూసుకో" అని తండ్రే పంపించివేశాడని విన్నాను. తెనాలిలో ఒక మైకుసెట్టు యజమాని వద్ద పని నేర్చుకొని, తరువాత రేపల్లెలో సొంత సెట్టు పెట్టుకున్నారు. రైల్లో తెనాలి వెళ్లేటప్పుడు హారన్లను ఎక్కడ పెట్టినా పట్టించుకునేవారు కారు. రికార్డుల పెట్టెను మాత్రం ఒళ్లోనే ఉంచుకునేవారు. ఒక్కొక్క రికార్డుకు భార్య అంకమ్మ గారి పాత చీర ముక్క చుట్టి ఉండేది.

1970వ సంవత్సరారంభంలో, రేపల్లె స్టేషను ఎదుట యలమంద గారి కాఫీ హోటల్లో ఒక వాదం పుట్టింది. గడిచిన పదేళ్ల పాటల్లో ఏది గొప్పది? ఎవరి అభిమాన నటుని పాట వారు చెప్పుకొచ్చారు. గొంతులు పెరిగాయి. చివరకు పెద్దిరాజు గారిని అడిగారు.

"నాకు హీరోలతో పని లేదండి. పాట వేసి నేను వంటశాల వంక చూస్తానండి" అన్నారు ఆయన.

"అక్కడేముంటుంది, గారెలా?" అన్నాడు యలమంద.

"పందిట్లో వాళ్లు కబుర్లలో ఉంటారు. పొయ్యి దగ్గరవాళ్లకి తీరిక ఉండదు. తీరిక లేనివాళ్ల చేతిలో ఏ పాటకి గరిటె ఆగుతుందో, అదే పాటండి."

"అయితే పులుసు మాడ్చిన పాటే గొప్పదంటావు!"

"అవునండి. రెండు పెళ్లిళ్లలో మాడింది. రెండుచోట్లా ఒకే పాటకి."

హోటలంతా నవ్వింది. అటుపిమ్మట ఆయన తన వరుస చెప్పారు. పాటలను సినిమా పేర్లతో కాక, తాను పెట్టుకున్న పేర్లతోనే పిలిచేవారు.

అయిదోది గూడుబండి పాట. ఎడ్ల మెడ గంటలకు సరిగ్గా కత్తిపీటల మీద వంకాయలు తెగుతాయి. పని ఆగదు, నడక మారుతుంది. నాలుగోది అలిగిన అల్లుడి పాట. దానికి అందరూ నవ్వుతారు, అంతే. నవ్వు కూడా లెక్కలోకి రావాలని ఆయన అభిప్రాయం. మూడోది నాట్ల పాట. ఈ పాటను నేనైతే ఇంకా పైన ఉంచేవాణ్ణి. ఆ మాటే చెప్పగా, "మీరు వరండాలో కూర్చుని విన్నారండి. బురదలో నిలబడ్డవాళ్లు మూడోదే అన్నారు" అని సెలవిచ్చారు. రెండోది గుమ్మం పాట. సన్నాయితో మొదలై, వచ్చిన చుట్టాలను వరసలు కలిపి పిలుస్తుంది. గరిటె ఒక్క క్షణం ఆగి, ఎవరొచ్చారా అని తల వాకిలి వైపు తిరుగుతుంది.

ఒకటోది తండ్రి పాట. కూతుర్ని అత్తవారింటికి పంపుతూ, ఏదో చెప్పబోయి చెప్పలేక, నీ దువ్వెన కిటికీలో మరిచావనీ, సన్నజాజికి నీళ్లు నేను పోస్తాననీ అంటాడు ఆ తండ్రి. ఏడవమని అందులో ఎక్కడా లేదు. గరిటె మాత్రం ఆగిపోతుంది. ఆ పాటను ఆయన అప్పగింతల వేళ తప్ప వేసేవారు కారు.

క్రమంగా తెనాలి, బాపట్ల వైపు కూడా "పెద్దిరాజు ఒకటో పాట" అనే మాట వ్యాపించింది. మాట వ్యాపించినంతగా అది ఏ పాటో వ్యాపించలేదు. అనర్థం అక్కడే జరిగింది.

1974 వైశాఖంలో బాపట్లలో సుందరయ్య గారి కుమార్తె వివాహం. నేనూ వెళ్లాను. తెనాలి నుండి మగపెళ్లివారు దిగారు. మేళంతో ఎదురేగి వారిని ఆహ్వానించే ఎదుర్కోలు మొదలు కానున్నది. పెళ్లికొడుకు పెదనాన్న బసవేశ్వరరావు గారు మైకు దగ్గరకు వచ్చారు.

"ఏమయ్యా, నీ ఒకటో పాట గొప్పదటగా. వెయ్యి, మావాళ్లు లోపలికి నడుస్తారు."

"అది ఇప్పటి పాట కాదు బాబుగారూ. మీకు రెండోది వేస్తానండి."

"రెండోదేంటి? మేమేమన్నా రెండో రకం చుట్టాలమా?"

"అయ్యో, అది కాదండి..."

"విన్నారా బావగారూ! మీ మైకువాడు మాకు రెండోది చాలంటున్నాడు!"

సుందరయ్య గారు కంగారుపడి, "పెద్దిరాజూ, వారు అడిగింది వెయ్యవయ్యా, నీకు పుణ్యముంటుంది" అని చేతులు పట్టుకున్నారు. పెద్దిరాజు గారు ఆ రికార్డు మీద ముల్లు ఉంచి తల దించుకోవడం నేను కళ్లారా చూశాను.

పన్నీరు బుడ్డి పట్టుకున్న పెళ్లికూతురి తల్లి ముందుగా కన్నీళ్లు పెట్టుకున్నది. ఆపైన మేనత్తలు. మగపెళ్లివారు గుమ్మంలోకి అడుగు పెట్టేసరికి ఆడవారందరూ కొంగులు కళ్లకద్దుకుంటున్నారు. శుభమా అని వస్తే ఏడుపులతో ఎదురొచ్చారని బసవేశ్వరరావు గారు మండిపడ్డారు. పెళ్లి జరిగింది గాని, అమంగళం పలికించాడంటూ పెద్దిరాజు గారిపై అధికారికి వారి అర్జీ వెళ్లింది. ఏటేటా తీసుకోవలసిన మైకు హారను అనుమతి ఆ ఏడు ఆయనకు తిరిగి రాలేదు. నేటికీ రాలేదు.

తాను ముందే చెప్పానని ఆయన ఎవరితోనూ అనలేదు. "పల్లెల్లో ఎవరు చూడొచ్చారు, కట్టెయ్" అన్నవారున్నారు. "కాయితం లేకుండా హారను కట్టనండి" అనేవారు. అంకమ్మ గారి ఎండుచేపల గంపే ఇంటిని నడుపుతున్నది. రికార్డులను మాత్రం వారం వారం తుడిచి మళ్లీ చీర ముక్కల్లో చుట్టిపెడుతున్నారు.

మొన్న శ్రావణంలో తెనాలిలో బసవేశ్వరరావు గారి సొంత కుమార్తె వివాహమైంది. వేరే మైకుసెట్టు. అప్పగింతల వేళ ఏదో గంతుల పాట మోగుతుండగా, వారు గుమ్మం పట్టుకొని నిలబడిపోయారట. కూతురితో ఒక్క మాట అనలేకపోయారట. తరువాతి వారం రేపల్లె వచ్చారు. పెద్దిరాజు గారి ఇంటికి దారి చూపడానికి నేను వెంట వెళ్లాను.

గుమ్మంలో అంకమ్మ గారు చేపల గంప దించుతూ, "ఆ రోజు రెండోది వేస్తానంటే విన్నారా అన్నయ్యగారూ?" అన్నారు.

"వినలేదమ్మా" అన్నారు బసవేశ్వరరావు గారు. ఆపైన పెద్దిరాజు గారి వైపు తిరిగి, "ఏమయ్యా, ఆ దువ్వెన పాట ఒకసారి వేస్తావా?" అని అడిగారు.

హారను లేకుండా, గ్రామఫోను పెట్టె మీదనే చిన్నగా వేశారు. వాకిట్లో అంకమ్మ గారి చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

పాట ముగిశాక అర్జీ వెనక్కు తీసుకుంటానని బసవేశ్వరరావు గారు తామే అన్నారు. ఈ విన్నపానికి మొదటి సంతకం తమరే చేయండని నేను కాగితం అందించగా, "అది సుందరయ్య బావగారిది. నాకు రెండోదే ఇవ్వండి" అన్నారు.

కావున అధికారి వారికి సవినయంగా చేసుకొను విన్నపమేమనగా: సదరు పెద్దిరాజు గారి నడవడి మచ్చ లేనిది. జరిగిన పొరపాటు వారిది కాదని, అర్జీ పెట్టినవారే దిగువ సంతకం చేసి ఒప్పుకొనుచున్నారు. మాఘమాసపు ముహూర్తములకు ముందుగా వారికి హారను అనుమతి తిరిగి దయచేయవలెను. ఏ వేళకు ఏ పాట అను విషయమున పెళ్లివారు వారిని ఒత్తిడి చేయరాదని, అనుమతి కాగితములోనే ఒక వాక్యము చేర్పించవలెనని కూడా ప్రార్థించుచున్నాము.