సూదిలో దారం ఎక్కించిన కండ్లు

మొన్న నా కండ్లద్దాల పుల్ల ఊడిపోతే బిగించుకుందామని నిజామాబాదు బజారులోని అద్దాల దుకాణానికి పోయి కూర్చున్నాను. నాకంటే ముందు వచ్చిన ఒక పడుచుతల్లి, ఆమెకూ అద్దాలే, పక్కన నిలబడ్డ మొగనికీ అద్దాలే, భుజమ్మీద మాత్రం ఏడాది నిండని పసిగుడ్డు, తన పని అయిపోయినా లేవకుండా అటూ ఇటూ చూసి, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించి, మా ఇద్దరికీ ఉన్నాయి కదా, దీనికి కూడా వస్తాయా అని దుకాణదారుణ్ణి అడిగింది. ఆయన నవ్వుతూ, వస్తే రానీయండమ్మా, పిల్లలకు మంచి మంచి ఫ్రేములున్నాయి అన్నాడు. ఆమె నవ్వలేదు. పసిదాని కండ్ల ముందు తాళంచెవుల గుత్తి ఆడిస్తూ, అది చూస్తున్నదా లేదా అని ఊపిరి బిగబట్టుకున్న ఆ తల్లి ముఖాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ భయం నాకు కొత్తది కాదు. దానితో నేను ఏండ్ల తరబడి కాపురం చేశాను.

అప్పట్లో మేము బోధన్‌లో ఉండేవాళ్లం. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీ కాంటా మీద గుమాస్తా, అంటే రైతులు తెచ్చిన చెరుకు బండ్లు తూకమయ్యే చోట తూకం రాసే పని. చెరుకు కాలంలో ఆ ఊరు ఎట్లుండేదో నా ఈడువాళ్లకు నేను చెప్పక్కర్లేదు, ఎడ్లబండ్లూ ట్రాక్టర్లూ ఫ్యాక్టరీ గేటు నుంచి పెద్దరోడ్డు దాకా బారులు తీరి, చెరుకు పాకం వాసన ఆరేసిన బట్టలకు కూడా పట్టుకుని, పొద్దుగూకినా రోడ్డు మీద సందడి తగ్గేది కాదు. మా ఆయనకు సోడాబుడ్డి అద్దాలు, మా మామకు అంతకన్నా మందం అద్దాలు. పెళ్లప్పుడు మా మేనత్త, పిల్లలకు కూడా గుడ్డిచూపు వస్తుందేమోనే అని చెవిలో ఊదితే, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి, నేను కాపురం చేసేది మనిషితోనా అద్దాలతోనా అని గయ్యిమన్నాను. అన్నానే గానీ ఆ మాట మనసులోంచి పోలేదు.

మా పెద్దపిల్ల పుట్టినప్పుడు, మంత్రసాని చేతిలోంచి తీసుకోగానే మా అత్త బిడ్డను దీపం దగ్గరికి తెచ్చి కండ్లు చూసింది. ఆడపిల్ల అని ఎవరూ చిన్నబుచ్చుకోలేదు, కండ్లు ఎట్లున్నాయన్నదే ఇంటిల్లిపాదికీ రంధి. ఆడపిల్ల ముఖానికి అద్దాలు పడితే ఎవడు చేసుకుంటాడని మా అత్త భయం. అద్దాలు ఒక్కసారి ఎక్కితే ఇక దిగవనీ, ఉన్న చూపును కూడా తినేస్తాయనీ ఆమె నమ్మకం. ఇంట్లో ఎవరైనా ఆ ఊసెత్తితే "నోట్ల నుంచి తియ్యకు, తథాస్తు దేవతలుంటరు" అని కసిరేది.

ఇక ఆమె పరీక్షలు, అబ్బో, ఇన్నా అన్నా! వారం వారం పొన్నగంటి కూర, మాడుకు ఆముదం, మూసిన రెప్పల మీద తడిపిన నందివర్ధనం పూలు, అవన్నీ సరే. పిల్ల కూర్చోవడం నేర్చిన నాటి నుంచే గచ్చు మీద ఆవగింజ వేసి తీయమనేది. కొంచెం పెద్దయ్యాక చేటలో బియ్యం పోసి ముందు పెడితే, నాకే కనబడని నల్లపురుగును కూడా మా పిల్ల ఏరి పారేసేది. పొద్దుగూకే వేళ గడపలో కూర్చోబెట్టి సూదీ దారం చేతికిస్తే, ముక్కు దగ్గరికి తెచ్చుకుని ఒక్క పోటుకు ఎక్కించేది. "సూడు పిల్లా, ఈ మసకల నీకు కనవడ్తదా? నా మనవరాలివి గద్ద కండ్లు" అని నాతో అంటూ మా అత్త మెటికలు విరిచి దానికి దిష్టి తీసేది. వాడకట్టులోని ముసలమ్మలంతా సూదులు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు, దారం ఎక్కించి ఇవ్వడం మా పిల్లకు ఒక ఉద్యోగమైంది. అది చూసి నా గుండె కూడా కుదుటపడేది, అయినా ఎక్కడో ఒక మూల దడ పోయేది కాదు.

ఎందుకంటే బడిలో సారు మాట ఇంకో తీరుగా ఉండేది. బోర్డు మీద రాసింది ఎక్కించుకోదనీ, పక్కపిల్ల పలక చూసి రాస్తుందనీ, బద్ధకమనీ చెప్పి పంపేవాడు, దాని అరచేతుల మీద బెత్తం వాతలు తేలేవి. మా ఆయన ఒకసారి, దవాఖానలో చూపిస్తే ఏం పోతుందని మెల్లగా అన్నాడు. మా అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. గద్ద కండ్ల పిల్లను దవాఖానకు ఈడ్చి లేని రోగం అంటగడతారా అని ఒకటే పోరు. నాకు కూడా పదో తరగతిలో కదా వచ్చినయి, ఇది ఇంకా చిన్నదే అని ఆయన సర్దుకున్నాడు, నేనూ సర్దుకున్నాను, సాయంత్రం సాయంత్రం సూదిలో దారం కండ్ల ముందే ఎక్కుతుంటే ఎవరైనా ఏమనుకుంటారు?

అది మూడో తరగతి చదువుతుండగా, వర్ని దిక్కు ఉన్న మా తల్లిగారి ఊర్లో మా అమ్మకు జ్వరమని కబురొస్తే, ఉన్నఫళంగా పెద్దపిల్లనూ, దాని తర్వాత పుట్టిన చిన్నవాణ్ణీ తీసుకుని బోధన్ బస్టాండుకు పోయాను. అంగడి రోజు, ఇసుకేస్తే రాలని జనం. బస్సు ఇంకా ఆగనే లేదు, అందరూ మీద పడ్డారు. ఆ రోజుల్లో సీటు కావాలంటే కిటికీలోంచి దస్తీ, అదే చేతిరుమాలు, వేయాలి, దస్తీ పడ్డ సీట్లో ఇంకొకరు కూర్చోరు, అది మా దిక్కు కట్టుబాటు. నేను దస్తీ వేసి, పెద్దపిల్లను స్తంభానికి ఆనించి నిలబెట్టి, సీట్లో కూర్చుని చెయ్యి ఊపుతాను, అప్పుడు రా, అప్పటిదాకా కదలకు అని చెప్పి, చంకలో చిన్నవాడితో, చేతిలో సంచితో లోపలికి దూరాను. సీటు దొరికింది. కిటికీలోంచి చెయ్యి ఊపాను. పిల్ల నా దిక్కే చూసింది. సూటిగా నా ముఖంలోకే చూసి, ఎవరో ముక్కూమొగం తెలియని మనిషిని చూసినట్టు తల అటు తిప్పుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏం మొండిఘటం ఇది అని గొంతు చించుకుని పిలిచాను, పల్లీలమ్మేవాళ్ల కేకల్లో, ఇంజిన్ల చప్పుడులో నా పిలుపు ఎటు కొట్టుకుపోయిందో. చిన్నవాడు ఏడుపు లంకించుకుంటే వాణ్ణి సముదాయించి మళ్లీ చూసేసరికి స్తంభం దగ్గర పిల్ల లేదు.

దిగాను. సంచి బస్సుతోనే పోయింది, పోతే పోయింది. స్తంభం వెనక, చాయ హోటల్లో, నీళ్ల కుండల దగ్గర, నిలబడి ఉన్న ప్రతి బస్సులో, ఎర్రగౌను పిల్ల, రెండు జడల పిల్ల అంటూ కనబడ్డవాళ్లనల్లా అడిగాను. ఒకరు రోడ్డు దిక్కు పోయిందన్నారు. రోడ్డు మీద రెండేసి ట్రాలీల చెరుకుతో ట్రాక్టర్లు పోతున్నాయి, వాటికి అంత తొందరగా బ్రేకు పడదని మా ఆయన ఎన్నిసార్లు చెప్పేవాడో, అవన్నీ ఆ క్షణంలోనే గుర్తుకు రావాలా! ఇంకొకామె, పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతుండ్రట అనగానే మళ్లీ మొదటి బస్సు నుంచి వెతకడం మొదలుపెట్టాను. కబురందుకుని మా ఆయన కాంటా వదిలేసి ఉరికొచ్చాడు, వెనకే మా అత్త చెప్పులు కూడా లేకుండా వచ్చింది. మా ఆయన ఇద్దరు మనుషుల్ని కాలువ దిక్కు పంపించాడు, నాకు వినబడకుండానే పంపించాడు గానీ నాకు వినబడింది. దేవుడా, ఆ పొద్దు ఎట్లా గడిచిందో నా పగవాళ్లకు కూడా వద్దు.

పొద్దువాలే వేళకు మహారాష్ట్ర సరిహద్దు మీది సాలూర మీదుగా బిలోలి దిక్కు నుంచి బస్సు ఒకటి వచ్చింది. అందులోంచి ఎర్రంచు ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకామె దిగింది. అచ్చంగా నేను కట్టుకున్న చీరే, ఆ ఏడు బోధన్ అంగట్లో సగంమంది ఆడవాళ్లు కొన్న చీర. ఆమె చెయ్యి పట్టుకుని మా పిల్ల. ఆమె మరాఠీ మనిషి, సగం మరాఠీ సగం తెలుగులో చెప్పింది. రద్దీలో పిల్ల వెనక నుంచి ఆమె కొంగు పట్టుకుని బస్సెక్కిందట, పక్కవాళ్ల పిల్లేమోనని ఈమె పట్టించుకోలేదట, సాలూర దాటాక కండక్టరు ఎవరి పిల్ల అని అడిగితే ఇది తలెత్తి దగ్గర నుంచి ఆమె ముఖం చూసి ఒక్క కేక పెట్టిందట. తన ప్రయాణం మానుకుని, అక్కడే దిగి, ఎదురు బస్సు పట్టుకుని వెనక్కి తెచ్చింది ఆ మహాతల్లి. నేను చేతులు పట్టుకుని ఏడుస్తుంటే "మలా సుద్ధా పోరగీ ఆహే, బాయీ" అంది. నాకూ ఒక బిడ్డ ఉందమ్మా అని. చాయ కూడా తాగకుండా మళ్లీ బస్సెక్కి పోయింది.

పిల్లను గుండెకు హత్తుకున్నాను, ఆ వెంటనే వీపు మీద ఒకటి వేశాను, నన్ను చూసి కూడా ముఖం తిప్పుకున్నావెందుకే అని. అది బిక్కమొగం వేసి, "నువ్వెక్కడ చెయ్యి ఊపినవమ్మా? నాకు కనవడలే. పచ్చచీర కనవడ్డది, పోయి పట్టుకున్న" అంది.

ఆ మాట వినగానే మా ఆయన తన అద్దాలు తీసి అంగీ అంచుతో తుడిచి, పిల్ల ముక్కు మీద పెట్టి, జారిపోకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. అది కండ్లు పెద్దవి చేసుకుని బస్సుల మీది బోర్డులు చూసింది, మనుషుల్ని చూసింది, చూసుకుంటూ చూసుకుంటూ బస్టాండు ఆ కొసకు తల తిప్పింది. అక్కడ చాయ హోటలు పక్కన, పిల్ల మాట విని దూరం జరిగి, దగ్గరికి రావడానికి మొగం చెల్లక మా అత్త ఒక్కతే నిలబడి ఉంది.

"బాపూ, నానమ్మ ఏడుస్తున్నది" అంది పిల్ల.

అద్దాలు లేని మా ఆయనకు అది కనబడలేదు. నేను తిరిగి చూశాను. నిజమే, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

నిజామాబాదులో కండ్ల డాక్టరు దగ్గరికి మా అత్త కూడా వచ్చింది, వద్దన్నా వచ్చేదే. డాక్టరు నెమ్మదస్తుడు. ఈ పిల్లకు దగ్గరివి బాగా కనబడతాయి, దూరానివే కనబడవు, సూదీ బియ్యమూ దగ్గరి పనులమ్మా, అవి ఎన్ని చేయించినా మీకు తెలియదు అన్నాడు. తల్లిదండ్రులకుంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువే గానీ వచ్చి తీరాలని లేదనీ, ఎవరికీ లేని ఇంట్లో కూడా వస్తాయనీ, భయపడి దాచేకంటే ఏడాదికోసారి చూపించుకోవడం మేలనీ, అద్దాలు చూపును తినవనీ విడమరిచి చెప్పాడు. అంతా విని మా అత్త, "నా కొడుక్కి వచ్చినప్పుడు నా కడుపుల దోషమని మా అత్త సచ్చెదాక అన్నది సారూ, గది కాదా?" అని అడిగింది. కాదమ్మా, ఎవరి దోషమూ కాదు అన్నాడాయన. మా మామ ముఖాన అంత మందం అద్దాలు పెట్టుకుని దోషం మాత్రం ఈమె కడుపుదట! నాకు ఆ చచ్చిపోయిన పెద్దామె మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మా అత్త తిరుగు ప్రయాణమంతా కిటికీ బయటికే చూస్తూ కూర్చుంది. తర్వాత మా చిన్నవాణ్ణి ఏటేటా దవాఖానకు తీసుకుపోయింది ఆమే, వాడికి అద్దాలు రానే లేదు. వాడకట్టు పిల్లల్నందరినీ వాకిట్లో నిలబెట్టి ఫ్యాక్టరీ పొగగొట్టం మీద ఎన్ని పిట్టలున్నాయో చెప్పమని సతాయించేది కూడా, అది వేరే సంగతి.

అద్దాలు తయారై చేతికొచ్చిన రోజు నేనూ పిల్లా దుకాణం నుంచి నిజామాబాదు బస్టాండు దాకా నడిచి వచ్చాము. బయట ఎక్కడికి పోయినా అది నా కొంగు వదిలేది కాదు, ఇంత పెద్దదైనా ఇంకా తల్లిచాటు పిల్లే అని అందరూ ఎగతాళి చేస్తే నేను లోలోపల మురిసిపోయేదాన్ని. ఆ రోజు కూడా అలవాటు చొప్పున ఎడమ దిక్కు కొంగు వదిలి నడిచాను. చెయ్యి రాలేదు. అది నాకు ముందర, దుకాణాల బోర్డులన్నీ గట్టిగా చదువుకుంటూ, మధ్యమధ్యలో వెనక్కి తిరిగి నా ముఖం చూసి నవ్వుతూ, చెంగుచెంగున పోతున్నది. నా సంతోషం నేను చెప్పలేను. ఆ సంతోషంలోనే, అన్నాళ్లూ అది పట్టుకున్నది నన్ను కాదు, దారిని అని తెలిసి, వదిలిన కొంగును పైకి లాక్కున్నాను.

ఇప్పుడు దుకాణంలోని ఆ పడుచుతల్లి లాంటివాళ్లు తప్ప ఎవరూ అద్దాల మాటకు భయపడటం లేదు, బళ్లలోనే కండ్లు చూస్తున్నారు, పిల్లలు తమ ఫ్రేము రంగు తామే ఏరుకుంటున్నారు, మంచిదే, వేయిసార్లు మంచిదే, మా రోజుల్లో కూడా ఇట్లా ఉంటే ఆ పొద్దు నాకు తప్పేది. మా పెద్దపిల్లకు ఇప్పుడు జుట్టు నెరుస్తోంది, ఆ బస్సు సంగతి దానికి జ్ఞాపకమే లేదంటుంది. నాకు మాత్రం ఈనాటికీ రద్దీలో నడుస్తుంటే ఎడమ దిక్కు కొంగు నాకు తెలియకుండానే కొంచెం కిందికి జారుతుంది.