నూకాలు ఇచ్చిన చుట్ట

అది 1979 ఎండాకాలం. విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి పళ్ల విభాగంలో నేను డెంటల్ మెకానిక్‌ని. ఆ పేరు విని నన్ను మోటారు షెడ్డులో పనివాడనుకున్నవాళ్లు చాలామంది. పెళ్లిచూపులప్పుడు మా మామగారు కూడా అలాగే అనుకున్నారట. డాక్టరు రోగి నోట్లో అచ్చు తీసి పంపితే దాన్నిబట్టి కట్టుడు పళ్లు తయారుచెయ్యడం నా పని. ఆసుపత్రి వెనక వరండా చివర ఉన్న రేకుల గదే మా ల్యాబ్. ప్లాస్టర్ దుమ్ము, కరిగిన మైనం వాసన, మరుగుతున్న నీళ్ల ఆవిరి. మే నెలలో అందులో నిలబడితే పళ్ల సెట్టుతోపాటు మనిషి కూడా ఉడికిపోయేవాడు.

పళ్లు కట్టేవాళ్లు దేశమంతా ఉన్నారు. అంగిట్లో కన్నం మూసే పని మాత్రం మా ఊళ్లో దొరికినంతగా ఇంకెక్కడా దొరకదనుకుంటాను. దానికి కారణం అడ్డపొగ. మా వైపు సముద్రపు ఒడ్డు పల్లెల్లో ఆడవాళ్లు చాలామంది చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగుతారు. గాలికి ఆరిపోదని కొందరంటారు, అత్తగారికి నిప్పు కనబడదని కొందరంటారు. ఆ వేడికి అంగిలి ఏళ్ల తరబడి కాలుతూనే ఉంటుంది. కొందరికి పుండు పడుతుంది. పుండు ముదిరి క్యాన్సర్ అవుతుంది. సర్జన్లు అంగిలిలో చెడిన భాగం కోసేస్తారు, ఆ తర్వాత కరెంటు పెడతారు, అంటే రేడియేషన్. మనిషి బతుకుతుంది గానీ నోటికీ ముక్కుకీ మధ్య అడ్డు పోతుంది. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట్లాడితే మాటంతా ముక్కులోకి జారిపోతుంది. అలాంటివాళ్లకి మేం చేసి ఇచ్చేదాన్ని ఆబ్ట్యురేటర్ అంటారు. పై పళ్ల సెట్టులాంటిదే, కాకపోతే దాని వీపున కన్నంలోకి సరిగ్గా దిగే ఒక ముద్ద ఉంటుంది. మేం వాడుకలో పలక అనేవాళ్లం.

పోలమ్మ దాని కోసమే వచ్చింది. జాలారిపేట మనిషి. నలభై అయిదు దాటి ఉంటాయి. ఆపరేషనుకి ముందు బస్సులో తట్ట వేసుకుని ఆనందపురం దాకా వెళ్లి చేపలమ్మేదట. నా గదిలోకి వచ్చినప్పుడు కొంగు ముద్దచేసి నోటికి అదుముకుని, గోడ వైపు తిరిగి కూచుంది. ఏం అడిగినా పక్కనున్న తోటికోడలు నూకాలే జవాబు చెప్పేది. వాళ్లిద్దరి మొగుళ్లూ ఒకే తెప్ప మీద వేటకి వెళ్లే అన్నదమ్ములు.

"అన్నం తింటోందా?" అన్నాను.

"తింటాది బాబూ, మూలకి తిరిగి తింటాది. ఎవులన్నా సూత్తే ఆపేత్తాది."

"ఇంట్లో మాట్లాడుతుందా?"

"నాతోనే మాటాడతాది. ఆ మాటలు ఇంకెవులికీ తెలవ్వు. నాకే తెలుత్తాయి. ఊళ్లో సిన్న గుంటలు ఎక్కిరిత్తారని గడప దాటదు. దాని గిన్నీ సెంబూ ఏరే పెట్టేసినారు మా ఇంట్లో. అంటుకుంటాదంట!" ఆ చివరి మాట నూకాలు కసిగా అంది.

అంటుకోదని నేను చెప్పాను. నూకాలు తల ఊపింది. పోలమ్మ నా వైపు చూడనైనా లేదు. డాక్టరుగారి కాగితంలో రోగం నయమైందని రాసి ఉంది. నయమైన మనుషులు ఇలా ఉంటారా అని నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ప్లాస్టర్ గట్టిగా కలిపాను.

పలక చెయ్యడం తొందరపడితే అయ్యేది కాదు. మైనంతో నమూనా చేసి, దాన్ని ఇత్తడి పెట్టెలో ప్లాస్టర్ మధ్య బిగించి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో యాక్రిలిక్ అనే గులాబిరంగు ప్లాస్టిక్ నింపి నీళ్లలో ఉడకబెట్టాలి. తర్వాత నోట్లో పెట్టి చూడాలి. ముక్కు కింద చిన్న అద్దం పట్టి "పాప" అనమంటాం. గాలి ఇంకా ముక్కులోంచి పోతుంటే అద్దం మసకబారుతుంది. పోలమ్మకి మొదటిసారి మసకబారింది. డాక్టరుగారు చెప్పినచోట ముద్ద పెంచి తెచ్చి మళ్లీ పెట్టాం. ఈసారి అద్దం తేటగా ఉండిపోయింది.

అయితే ఆవిడ పాప అనలేదు. నూకాలు వైపు తిరిగి, చాకులాంటి గొంతుతో, "ఒసే, గెంజి తేట నాకు పోసి మెతుకులు నువ్వు తింటావేటే?" అంది.

 నూకాలు రెండు చేతులూ తల మీద పెట్టుకుని, "ఓలమ్మోలమ్మ! మా అప్పకి నోరొచ్చినాది బాబూ! తిట్టీసినాది సూడు!" అని కేక పెట్టింది. ఇద్దరూ నవ్వారు, ఆ వెంటనే ఇద్దరూ ఏడ్చారు. డాక్టరుగారు ఏదో పనున్నట్టు బయటికి వెళ్లిపోయారు. నేను అద్దం తుడుస్తూ నిలబడ్డాను. నా ఉద్యోగంలో అంత సంతోషపడ్డ రోజులు ఎక్కువ లేవు.

పోలమ్మ మళ్లీ తట్ట ఎత్తిందని, ఆనందపురం సంతలో కూచుంటోందని విన్నాను. నా పని అయిపోయిందనుకున్నాను.

మరుసటి ఏడు వానలు మొదలయ్యాక ఒకరోజు పోలమ్మ ఒక్కతే వచ్చింది. కొంగు ముడి విప్పి పలక బల్ల మీద పెట్టింది. దాన్ని చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. నాలిక వైపు గులాబిరంగు పోయి గోధుమరంగు తిరిగింది, మధ్యలో అప్పడంలా పొంగి బుడిపెలు కట్టింది. యాక్రిలిక్ అలా అవ్వాలంటే నిప్పు తగలాల్సిందే.

నాకు కోపం ఆగలేదు. "చుట్ట తాగావా? మళ్లీ అడ్డంగానా? నీకు మతుందా లేదా? నోరు సగం కోయించుకుని, కరెంటు పెట్టించుకుని, చావు తప్పి బయటపడి, మళ్లీ అదే నోట్లో నిప్పు పెట్టుకుంటావా? నేను చెయ్యను. ఇంకెవరి దగ్గరికైనా పో."

ఆవిడ వెళ్లలేదు. తల వంచుకుని కూచుంది. పలక లేకపోవడంతో మాట సగం సగమే తెలుస్తోంది. ఆ కాలిందే నోట్లో పెట్టుకుని చెప్పమన్నాను.

"ఆనందపురంలో నన్నెవులూ ఎరగరు బాబూ. బేరమాడతారు, కొంటారు. ఇంటికొత్తేనే. సాయంకాలం తెప్పల కాడ ఆడోళ్లమంతా కూకుంటాం. ఒకలు సుట్ట ముట్టిత్తే దాని నిప్పుతోటి ఇంకొకలు ముట్టించుకుంటారు. అందరూ అందుకుంటారు. నాను కూకుంటే నా పక్కన ఉన్నోళ్లు జరిగిపోతారు. నన్ను నిప్పడగరు. నాకియ్యరు. బతికొచ్చినాను గానీ, నాను సచ్చిపోయినట్టే సూత్తన్నారు."

"అందుకని చుట్ట తాగుతావా?"

"నాను ముట్టించుకోనేదు. నూకాలు ఇచ్చినాది. అందరి ముంగలా, తన నోట్లోది తీసి నా సేతిలో ఎట్టినాది. అందరూ సూత్తన్నారు. నాను వద్దంటే దాని ఎంగిలి నానే ఏరు సేసినట్టు కాదేటి?"

 ఆ పని పిచ్చిదని ఇప్పటికీ అంటాను. కానీ ఆ సాయంత్రం ఆ తెప్పల దగ్గర నేను కూచుని ఉంటే ఆ చుట్ట వద్దనేవాణ్నా అంటే, గట్టిగా చెప్పలేను.

నూకాలుని తీసుకొస్తే కొత్త పలక చేస్తానన్నాను. తిడదామనే పిలిపించాను. నూకాలు వచ్చింది, నా తిట్లన్నీ నిలబడి వింది. "నాను ఇయ్యకపోతే ఇంకెవులిత్తారు బాబూ? మీరిత్తారేటి?" అని నోరంతా తెరిచి నవ్వింది.

ఆ నవ్వులో ఆవిడ అంగిలి కనబడింది. ఆ గదిలో నేను రోజూ చూసేవి అంగిళ్లే. చుట్ట తాగేవాళ్లకి అంగిలి తెల్లగా పగుళ్లు తీసి ఉండడం మామూలే. కానీ నూకాలుకి ఆ తెలుపు మధ్య ఎర్రగా ఒక గుంట ఉంది, అంచులు లేచి ఉన్నాయి. వెంటనే డాక్టరుగారిని పిలిచాను. ఆయన చూసి, చిన్న ముక్క తీయించి పరీక్షకి పంపారు. పోలమ్మకి వచ్చిన జబ్బే నూకాలుకీ వచ్చింది.

ఆపరేషన్ చెయ్యాలన్నారు. నూకాలు వద్దంది. వరండాలో కాళ్లు చాపుకుని కూచుని, పోలమ్మ పక్కనుండగానే, "దీని బతుకు నాను సూసినాను గదా బాబూ. ముక్కులోంచి మెతుకులు తుడిసినాను. మూల కూకుని తినడం సూసినాను. నాకొద్దు. ఉన్నన్నాళ్లు ఉంటాను," అంది. ఆ మాట పోలమ్మకి ఎలా తగిలి ఉంటుందో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

పోలమ్మ లేచింది. నోట్లోంచి నేను చేసిచ్చిన కొత్త పలక తీసి నా చేతిలో పెట్టింది. ఆ వరండాలో రోగులున్నారు, ఆయాలున్నారు, టీ పోసే మనిషి ఉన్నాడు. ఏడాది క్రితం నాకు కూడా ముఖం చూపించని మనిషి వాళ్లందరి ముందూ కొంగు అడ్డం పెట్టుకోకుండా, తెరిచిన నోటితో, ముక్కులోంచి పోయే ఆ గొంతుతో చాలాసేపు మాట్లాడింది. నాకు ఒక్క మాటా తెలియలేదు. కొందరు నవ్వారు. ఆవిడ ఆగలేదు.

"ఏమంటోంది?" అని నూకాలుని అడిగాను.

నూకాలు కళ్లు తుడుచుకుంది. "నాను ఉన్నాను కాబట్టి తను బతికినాదంట. తనుంటాదంట, నన్ను బతకమంటంది. పెద్ద వరాలిచ్చే తల్లి సూడు!" అంది. ఆపరేషనుకి వేలిముద్ర వేసింది.

ఆ కథ మంచిగా ముగిసి ఉంటే నేను ఇంత వివరంగా రాసేవాణ్ని కాదేమో. నూకాలుకి ఆపరేషన్ అయింది, కరెంటు పెట్టారు. ప్రతిసారీ పోలమ్మే తీసుకొచ్చేది, ఇప్పుడు నూకాలు తరఫున తనే జవాబు చెప్పేది. నూకాలు మూలకి తిరిగి తినలేదు, పోలమ్మ తిరగనివ్వలేదు. కానీ పుండు మానేలోపే మెడలో గడ్డ వచ్చింది. అక్కడికి పాకాక అప్పట్లో మా దగ్గర చెయ్యగలిగింది ఎక్కువ లేదు. నేను పలకకి మైనం చెక్కుతుండగానే నూకాలు చనిపోయింది. అది 1981.

దినాలైన తర్వాత పోలమ్మ వచ్చింది. పలక సర్దించుకోవడానికి వచ్చిందనుకున్నాను. బల్ల ముందు నిలబడి, "నిజం సెప్పు పళ్లబాబూ. నానే అంటించానా దానికి?" అంది.

"ఎవరన్నారు?"

"అందరూ అంటన్నారు. దాని సుట్ట నాను తాగినాను, నా ఎంగిలి అది తాగినాది, నాది దానికి అంటినాదంట. దాని మొగుడు కూడా అంటన్నాడు."

"నువ్వు అంటించలేదు. అది అంటుకునే జబ్బు కాదు. ఆ పుండు పడడానికి ఏళ్లు పడుతుంది. నువ్వు నూకాలు చుట్ట ముట్టుకోకముందే ఆవిడ అంగిలి కాలిపోయి ఉంది. చేసింది నిప్పు, నువ్వు కాదు."

"నువ్వు సెప్తే నాను నమ్ముతాను. ఆళ్లకెవులు సెప్తారు?"

నేనే చెప్తానన్నాను. ఆదివారం జాలారిపేట వెళ్లాను. తెప్పల దగ్గర ఆడవాళ్లంతా ఉన్నారు. నాకు తెలిసినంత వివరంగా చెప్పాను. చుట్ట తిరగేసి తాగొద్దన్నాను, ఎవరికీ ఎవరిదీ అంటదన్నాను. మాటలతో పని కాదనిపించి, పోలమ్మ పక్కన ఇసకలో కూచుని, ఆవిడ గిన్నెలోనే అన్నం, నెత్తళ్ల చేపల పులుసు కలుపుకుని ఇద్దరం తిన్నాం. నేను మా ఇంట్లో కూడా ఇంకొకరి గ్లాసుతో నీళ్లు తాగని మనిషిని. వాళ్లు వింతగా చూశారు. ఒక ముసలావిడ చుట్ట నోట్లోంచి తీసి, "ఆసుపత్రోళ్లకి అంటదమ్మా, ఆళ్ల కాడ మందులుంటాయి," అంది. అందరూ అవునన్నారు. పోలమ్మ పక్కకి ఎవరూ జరగలేదు.

నేను లేచేటప్పుడు, "పోన్లే బాబూ, మళ్లీ సుట్ట ముట్టుకోను. నూకాలు కోసం ముట్టుకున్నాను, అదే నేదు," అంది పోలమ్మ. ఆ తర్వాత కూడా రోజూ సాయంకాలం అక్కడే, వాళ్లు జరిగిపోయినా, తన చోటులో కూచునేదని తెలిసింది. అది ధైర్యమా, ఇంకెక్కడికీ పోలేకపోవడమా అన్నది నేను తేల్చలేను. నాకు మాత్రం ఆవిడంటే గౌరవం. వాడే పలకని ఏడాదికోసారైనా సర్దించుకోవాలి; పోలమ్మ వచ్చేది, నేను సరిచేసి ఇచ్చేవాణ్ని.

ఆ కేసు తర్వాత నేను పని చేసే తీరు మారింది. అంతకుముందు అద్దం మసకబారకపోతే పని అయిపోయిందనుకునేవాణ్ని. తర్వాత నుంచి పలక ఇచ్చే రోజు క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెప్పించి, ఒకే పళ్లెంలో పెట్టి, రోగినీ వెంట వచ్చినవాళ్లనీ కలిసి తినమనేవాణ్ని. ఎలా నములుతుందో చూడాలని వంక చెప్పేవాణ్ని. నేను చూసేది పక్కవాళ్ల చెయ్యి. కొందరు తినేవారు. కొందరు పళ్లెం రోగి వైపు జరిపి, "నాకాకలి నేదు బాబూ," అనేవారు.

అలా అన్నవాళ్లు తీసుకొచ్చిన రోగుల్లో పలక సర్దించుకోవడానికి మళ్లీ వచ్చినవాళ్లు దాదాపు లేరు.